టీనేజ్ అమ్మాయికి రొమ్ముల బరువు, ఆయాసం: ఊపిరి పరీక్ష నుంచి ఆపరేషన్ తర్వాతి నెలల వరకు ఏం చేయాలి

రొమ్ములు వయసుకు మించి పెరిగి మెడ, భుజాలు, వీపు లాగేస్తున్నాయని, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని మీ అమ్మాయి చెబుతుంటే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "ఎదిగే వయసు, అదే సర్దుకుంటుంది" అనేది ఒకటి. "రొమ్ములు తగ్గించే ఆపరేషన్ చేయిస్తే ఆయాసం పోతుందంట" అనేది రెండోది. మొదటి మాట నమ్మితే పిల్ల ఏళ్ల తరబడి నొప్పితో బతుకుతుంది. రెండోది నమ్మితే ఆస్తమానో రక్తహీనతో కనిపెట్టకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కుతుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని తల్లిదండ్రులు ఈ పనిని ఏ వరసలో చేయాలో కింద చెబుతున్నాం.

ముందుగా ఒక నిజం తెలుసుకోండి. రొమ్ములు తగ్గించాక ఊపిరితిత్తుల పరీక్షలో అంకెలు ఎంత మారతాయన్న దానిపై జరిగిన అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పవు. కొన్నింటిలో కొద్దిగా పెరిగాయి, కొన్నింటిలో మారలేదు. చాలామందికి ఆపరేషన్‌కు ముందే అంకెలు నార్మల్‌గా ఉంటాయి. అయితే మెడ, వీపు నొప్పి తగ్గడం, ఆటల్లోకి తిరిగి రావడం, నలుగురిలో కలవడం మాత్రం టీనేజ్ పిల్లల్లోనూ స్పష్టంగా కనిపిస్తుంది. కాబట్టి పరీక్ష నార్మల్ వచ్చిందని పిల్ల మాటను కొట్టిపారేయకండి. అంకెలు పెరుగుతాయన్న ఆశ ఒక్కదానితోనే ఆపరేషన్‌కూ వెళ్లకండి.

బరువుకూ ఊపిరికీ సంబంధం

ఈ పిల్లల్లో ఊపిరితిత్తులు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటాయి. ఇబ్బంది ఛాతీ గోడ దగ్గర వస్తుంది. గాలి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకలు ఆ బరువును ఎత్తాలి. వెల్లకిలా పడుకుంటే బరువంతా ఛాతీ మీదకు చేరుతుంది కాబట్టి అప్పుడు ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. రెండో కారణం వంగిన నడక. బరువు ముందుకు లాగడం వల్లా, ఎవరూ చూడకూడదని భుజాలు ముడుచుకోవడం వల్లా వీపు పైభాగం గూనిలా వంగుతుంది, పక్కటెముకలు సరిగ్గా తెరుచుకోవు. మూడోది చాలామంది గమనించరు: ఛాతీ చిన్నగా కనిపించాలని ఒకదానిమీద ఒకటి రెండు బిగుతు బ్రాలు వేసుకోవడం, చున్నీతో గట్టిగా చుట్టుకోవడం. ఆ బిగింపే శ్వాసను ఆపుతుంది. నాలుగోది, సిగ్గుతో ఆటలు మానేసిన పిల్లకు ఒంట్లో దమ్ము తగ్గిపోతుంది, కాస్త నడిచినా రొప్పు వస్తుంది.

వీటిలో బ్రా సంగతి ఈ రోజే సరిచేయవచ్చు. రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ టేపు పెట్టి, మామూలుగా గాలి వదిలాక కొలవండి. పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. భుజాల పట్టీలు వెడల్పుగా ఉండాలి. సన్న పట్టీలు భుజాల్లోకి దిగి గాడులు చేస్తాయి, చేతివేళ్లు తిమ్మిరెక్కడానికీ అవే కారణం కావచ్చు. కప్పు పెద్దది కావాలంటే చాలాచోట్ల రొమ్ముల కింది పట్టీ కూడా పెద్దదే అంటగడతారు. అది పైకి జారి బరువంతా భుజాలపై వేస్తుంది. పట్టీ కొలత, కప్పు కొలత విడివిడిగా దొరికే దుకాణంలోనే కొనండి.

మొదటి పని: రెండు వారాల రాత

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఒక నోట్‌బుక్కులో రోజూ రాయించండి. ఏ పని చేస్తుంటే ఆయాసం వచ్చింది, ఎంతసేపటికి తగ్గింది, పడుకుంటే ఎక్కువైందా, దగ్గు గానీ పిల్లికూతలు గానీ ఉన్నాయా, ఆ సమయంలో ఏ బ్రా వేసుకుంది, ఆయాసానికి 0 నుంచి 10 వరకు ఎంత మార్కు వేస్తుంది. పోల్చుకోవడానికి ఒకే దారి, ఒకే మెట్లు పెట్టుకుంటే మంచిది: కాలేజీలో మూడో అంతస్తు, ఇంటి మేడ, ఏదైనా సరే. కొండకు నడిచి వెళ్లిన అనుభవం ఉంటే అదీ రాయండి. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు ఉంటాయి. తోటి పిల్లలు ఆగకుండా వెళ్లిన చోట మీ అమ్మాయి ఎన్నిసార్లు కూర్చుందో డాక్టర్‌కు చాలా చెబుతుంది. పరీక్ష కోసమని పనిగట్టుకుని ఎక్కించకండి.

రొమ్ములు ఎప్పుడు పెరగడం మొదలైంది, పెద్దమనిషి అయిన నెల, గత ఆరు నెలల్లో బ్రా సైజు ఎన్నిసార్లు మారింది, బరువు ఎంత పెరిగింది అన్నవి కూడా కావాలి. ఒంటి బరువు పెరగకుండా రొమ్ములు మాత్రం కొన్ని నెలల్లోనే వేగంగా పెరిగిపోతే అది జువెనైల్ హైపర్ట్రోఫీ కావచ్చు. దాని చికిత్స, తిరగబెట్టే భయం వేరు. ఒక్క వైపే పెరుగుతూ గడ్డలా తగిలితే ఫైబ్రోఅడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) కావచ్చు, అల్ట్రాసౌండ్ తీయించాలి. ఈ వయసులో మామోగ్రామ్ అవసరం రాదు.

రెండో పని: ఆయాసానికి ఇతర కారణాలు తేల్చుకోవడం

ఇక్కడ తొందరపడకండి. మన ప్రాంతంలో టీనేజ్ అమ్మాయి ఆయాసానికి మొట్టమొదట చూడాల్సింది రక్తం. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. 8, 9 దగ్గర ఉన్న పిల్లకు మెట్లెక్కితే ఆయాసం రాకపోతేనే ఆశ్చర్యం. ఐరన్ మాత్రలు వాడి రక్తం పెరిగాక ఆయాసం ఎంత మిగిలిందో చూడాలి. ఆపరేషన్‌కైనా రక్తం సరిగ్గా ఉండాల్సిందే కాబట్టి ఆ నెలలు వృథా కావు.

తర్వాత థైరాయిడ్ పరీక్ష. నెలసరి సరిగ్గా రాకపోయినా, చనుమొనల నుంచి పాలలాంటి ద్రవం వస్తున్నా ప్రొలాక్టిన్ అనే హార్మోన్ కూడా చూస్తారు. గుండె చప్పుడులో మర్మర (అదనపు శబ్దం) వినిపిస్తే ఎకో, అంటే గుండె స్కాన్. వెన్నెముక పక్కకు వంగి ఉందేమో ఇంట్లోనే చూడవచ్చు: కాళ్లు జోడించి, చేతులు కిందకు వేలాడేస్తూ నడుము వంచమనండి. వెనక నుంచి చూస్తే ఒకవైపు వీపు ఎత్తుగా లేస్తే స్కోలియోసిస్ అనుమానించాలి. ఎముకల డాక్టర్‌కు చూపించండి, తిరుపతిలో బర్డ్ అనే ఎముకల ఆసుపత్రి ఉంది. స్కోలియోసిస్ దానంతట అదే ఊపిరి సామర్థ్యాన్ని తగ్గించగలదు.

ఒంటి బరువు ఎక్కువగా ఉన్నా పరీక్షలో కొన్ని అంకెలు పడిపోతాయి. గాలి మామూలుగా వదిలాక ఇంకా బలవంతంగా వదలగలిగే నిల్వ ముందుగా తగ్గుతుంది. ఆ తగ్గుదలను రొమ్ములకు అంటగడితే లెక్క తప్పుతుంది. కానీ "ముందు సన్నబడి రా" అని పిల్లను పంపేయడం కూడా సరికాదు. ఆ బరువుతో పరుగెత్తలేదు, దూకలేదు. ఈత, సైకిల్, కూర్చుని చేసే వ్యాయామం లాంటివి చెప్పి, ఆహారం సరిచేసి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఫిజియోథెరపీ చేయించి అప్పుడు మళ్లీ చూడాలి.

రొమ్ముల కింద మడతలో ఒరుసుకుపోయి ఎర్రబడితే, మన ఎండలకు అది త్వరగా ఫంగస్‌గా మారుతుంది. రోజూ కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టి, మడతలో పలచటి నూలు గుడ్డ పెట్టుకోవాలి. డాక్టర్ చెబితే ఫంగస్‌కు వాడే క్లోట్రిమజోల్ క్రీము రెండు నుంచి నాలుగు వారాలు. మెడికల్ షాపులో అడక్కుండానే ఇచ్చే మూడు నాలుగు మందులు కలిపిన క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో తగ్గినట్టు అనిపించి తర్వాత చర్మాన్ని పలచబరుస్తుంది, ఫంగస్‌ను పెంచుతుంది. అవి వద్దు. పుండు ఉండగా ఆపరేషన్ చేయరు.

మూడో పని: స్పైరోమెట్రీ సరిగ్గా చేయించడం

ఎంత గాలి, ఎంత వేగంగా ఊదగలదో కొలిచే ఊపిరి పరీక్ష ఇది. దీన్ని పీఎఫ్‌టీ అని కూడా అంటారు. తిరుపతిలో స్విమ్స్, రుయా లాంటి పెద్దాసుపత్రుల్లో ఊపిరితిత్తుల విభాగాన్ని అడగండి. చిత్తూరు, పలమనేరు వైపు వాళ్లు వేలూరు సీఎంసీకి వెళ్లడం మామూలే. ఎక్కడ చేయించినా ఆపరేషన్ తర్వాత మళ్లీ అక్కడే చేయించగలరా అన్నది ముందే ఆలోచించుకోండి. వేర్వేరు ల్యాబుల అంకెలను పోల్చడం నమ్మకమైన పని కాదు.

వెళ్లే రోజు కడుపు నిండా తిని వెళ్లకూడదు. గంట ముందు నుంచీ పరుగులు, మెట్లు ఉండకూడదు. ఆస్తమా పంపు వాడుతుంటే ఏది ఎన్ని గంటల ముందు ఆపాలో డాక్టర్‌నే అడగండి. గొట్టాలను త్వరగా తెరిచే సాల్బుటమాల్ పంపు అయితే మామూలుగా 4 నుంచి 6 గంటలు. దుస్తులు వదులుగా ఉండాలి, బిగుతు బ్రా వద్దు. ఆ రోజు ఏ బ్రా వేసుకుందో రాసిపెట్టండి. చెప్పులు విప్పించి ఎత్తు కొలిచారో లేదో గమనించండి. "ఎత్తెంతమ్మా?" అని అడిగి నోటిమాటతో ఎక్కించుకుంటే ఒప్పుకోకండి. ఎత్తులో తప్పు దొర్లితే రిపోర్టు మొత్తం తప్పే. వెన్ను వంకర ఉంటే రెండు చేతులు చాచిన పొడవు కొలిచి లెక్కిస్తారు.

పరీక్షలో నిటారుగా కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం చుట్టూ పెదాలు గట్టిగా బిగించమంటారు. నిండా గాలి పీల్చి, ఒక్కసారిగా దమ్మంతా పెట్టి ఊది, ఇక రాదు అనేదాకా ఊదుతూనే ఉండాలి. కనీసం మూడు సరైన ఊదుళ్లు రావాలి, వాటిలో మేలైన రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. ఎనిమిది సార్లకు మించి సాధారణంగా ఊదించరు. ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. ఎదురుగా మగ టెక్నీషియన్ ఉంటే సిగ్గుపడి పిల్ల సగం గాలే పీలుస్తుంది, ఛాతీ ముందుకు రావడం ఇష్టంలేక భుజాలు ముడుచుకుని ఊదుతుంది. అప్పుడు ఊపిరితిత్తులే చిన్నవైనట్టు రిపోర్టు వస్తుంది. ఆడ టెక్నీషియన్ ఉన్న రోజు కనుక్కుని వెళ్లండి, లేదా తల్లి పక్కనే ఉండేలా అడగండి. ఇంట్లో ముందురోజు రెండుమూడు సార్లు ఊది చూపించినా భయం పోతుంది.

రిపోర్టులో చూడాల్సినవి మూడు. ఎఫ్‌వీసీ అంటే నిండా పీల్చి మొత్తంగా బయటికి ఊదిన గాలి. ఎఫ్‌ఈవీ1 అంటే అందులో మొదటి సెకనులో వచ్చింది. మూడోది ఈ రెండింటి నిష్పత్తి. నిష్పత్తి తగ్గితే గొట్టాలు బిగుసుకున్నట్టు, అంటే ఆస్తమా వైపు చూడాలి. సాల్బుటమాల్ 400 మైక్రోగ్రాములు ఇచ్చి 15 నిమిషాలాగి మళ్లీ ఊదిస్తారు. పెద్దలకు చెప్పే 0.70 గీతను పిల్లలకు వాడకూడదు, ఈ వయసులో నిష్పత్తి సహజంగానే ఎక్కువుంటుంది. నిష్పత్తి బాగుండి ఎఫ్‌వీసీ మాత్రం తగ్గితే ఛాతీ తెరుచుకోవడంలో ఇబ్బంది ఉండవచ్చు, లేదా పిల్ల సరిగ్గా ఊదకపోయి ఉండవచ్చు. రెండోదీ తరచుగా జరుగుతుంది. ఇక పరుగెత్తినప్పుడే దగ్గు, పిల్లికూతలు వచ్చే పిల్లకు కూర్చోబెట్టి చేసిన పరీక్ష నార్మల్ వచ్చినంత మాత్రాన ఆస్తమా లేదనుకోకూడదు. వ్యాయామం చేయించి మళ్లీ ఊదించమని అడగండి.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: "మెషీన్‌లో ఏ జనాభా లెక్కలు పెట్టారు?" యూరోపియన్ల లెక్క పెట్టి ఉంటే ఆరోగ్యంగా ఉన్న మన పిల్లలకు కూడా శాతం (ఆ వయసుకు, ఎత్తుకు ఉండాల్సిన దానిలో ఎంత వచ్చిందన్నది) తక్కువగా చూపించవచ్చు. 80 శాతం అన్న పాత గీత కంటే, రిపోర్టులో జడ్-స్కోర్ (తోటివారి సగటుకు ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె) ఉంటే మైనస్ 1.64 కిందకు పడిందా అన్నది చూడటం మేలు.

నాలుగో పని: ఆపరేషన్ ఎప్పుడు

రొమ్ముల ఎదుగుదల ఆగాలి. బ్రా సైజు కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది మారకుండా ఉండాలన్నది మామూలు నియమం. చాలామంది సర్జన్లు 18 దాకా ఆగమంటారు. నొప్పి తీవ్రంగా ఉండి, చదువు, నిద్ర పాడవుతుంటే ముందే చేయడమూ ఉంది. ఎదుగుదల ఆగకముందే చేస్తే మళ్లీ పెరిగి రెండో ఆపరేషన్ అవసరం కావచ్చు, జువెనైల్ హైపర్ట్రోఫీలో ఈ ప్రమాదం ఎక్కువ. అది తెలిసే నిర్ణయించుకోవాలి.

18 లోపు పిల్లకు సంతకం తల్లిదండ్రులది. కానీ నిర్ణయం పిల్లది కూడా. సర్జన్ ఆమెతో విడిగా మాట్లాడే వీలివ్వండి. ఆమె ముందు మూడు విషయాలు దాచకుండా పెట్టాలి: మచ్చలు జీవితాంతం ఉంటాయి, చనుమొనల స్పర్శ తగ్గవచ్చు, రేపు బిడ్డకు పాలు ఇవ్వడంలో ఇబ్బంది రావచ్చు. చనుమొనను కింది కణజాలంతో అతికి ఉంచే పద్ధతుల్లో చాలామంది కొంతైనా పాలివ్వగలుగుతారు. చనుమొనను పూర్తిగా వేరుచేసి అతికిస్తే ఆ అవకాశం పోతుంది. "ఏ పద్ధతి చేస్తున్నారు, ఎందుకు?" అని అడిగి జవాబు రాసుకోండి. పెళ్లి గురించి బంధువులు వేసే ప్రశ్నలకు పిల్ల చేత సమాధానం చెప్పించకండి.

డబ్బు సంగతికొస్తే, ఎన్టీఆర్ వైద్య సేవ డెస్కులో గానీ ఇన్సూరెన్స్ కంపెనీలో గానీ అడ్మిషన్‌కు ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. అందాన్ని పెంచుకునే ఆపరేషన్ అనుకుని తిప్పికొట్టే అవకాశం ఉంది. నొప్పి, పుండ్లు, భుజాల గాడులు, చేసిన ఫిజియోథెరపీ, స్పైరోమెట్రీ అన్నీ డాక్టర్ నోట్‌లో ఉండాలి. అవసరం కొద్దీ చేస్తున్నదని చెప్పే కాగితం అదే.

ఇంటర్ పరీక్షలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోవాలని అందరూ అనుకుంటారు. తిరుపతి ఎండలో రాత్రింబవళ్లు బిగువు బ్రా వేసుకుని, ప్లాస్టర్ల కింద చెమటతో ఉండటం కష్టం. ఇంట్లో చల్లగా ఉంచే ఏర్పాటు లేకపోతే చలికాలమే మేలని మా అభిప్రాయం, రెండు వారాల క్లాసులు పోయినా సరే.

ఆపరేషన్ రోజు, తర్వాతి వారాలు

పూర్తి మత్తులో రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. ముందు ఆరు గంటలు ఘనాహారం ఉండకూడదు, మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు సాధారణంగా అనుమతిస్తారు. "నీరసపడుతుంది" అని తెల్లవారుజామున ఒక ఇడ్లీ తినిపిస్తే ఆపరేషన్ ఆగిపోతుంది. దాచిపెడితే మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. నెలసరి కోసం హార్మోన్ మాత్రలు వాడుతుంటే మత్తు డాక్టర్‌కు చెప్పాలి, రక్తం గడ్డకట్టే అవకాశాన్ని అవి పెంచుతాయి. నాటు మందులు వాడుతుంటే అవీ చెప్పాలి. తీసిన కణజాలాన్ని పరీక్షకు పంపారో లేదో అడగండి, ఎన్ని గ్రాములు తీశారో డిశ్చార్జి కాగితంలో రాయించండి.

మెలకువ వచ్చాక నొప్పికి భయపడి పైపైనే శ్వాస తీసుకుంటారు. దాంతో ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుని కఫం పట్టవచ్చు. శ్వాస వ్యాయామానికి ఇచ్చే మూడు బంతుల పరికరంతో మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పది సార్లు నెమ్మదిగా పీల్చాలి. ఊదడం కాదు, పీల్చడం. ఈ తేడా తెలియక చాలామంది ఊదుతారు. దగ్గేటప్పుడు దిండును ఛాతీకి అదుముకోవాలి. ఆ సాయంత్రమో మర్నాడో లేచి నడవాలి. నొప్పి మాత్రలు వేళకు వేయండి, నొప్పి తగ్గితేనే శ్వాస లోతుగా అందుతుంది.

మూడు నాలుగు వారాలు తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. ఆరు వారాలు తీగ లేని బ్రా పగలూ రాత్రీ, అదీ శ్వాసను ఆపేంత బిగుతు కాకుండా. రెండుమూడు వారాలు చేతులు భుజాలపైకి ఎత్తకూడదు కాబట్టి తలస్నానం, జడ మీరే చేయాలి. నీళ్ల బిందె, పుస్తకాల సంచి ఆరు వారాలు ముట్టనివ్వకండి. క్లాసులకు రెండు వారాల తర్వాత, ఆటలకూ కొండ మెట్లకూ ఆరు వారాలు దాటి సర్జన్ సరేనన్నాకే.

కుట్లు రెండు వైపుల నుంచి వచ్చి కలిసే కింది మూల దగ్గర రెండు మూడు వారాలకు చిన్నగా విచ్చుకోవడం ఎక్కువగా జరిగేదే. చర్మం అక్కడ బాగా లాగి ఉండి రక్తప్రసారం తక్కువ. డ్రెస్సింగుతోనే మానుతుంది. పసుపు, కాఫీపొడి, ఆకు పసర్లు పెట్టకండి. పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ రెండు మూడు నెలలు. మన చర్మానికి మచ్చలు ఉబ్బే గుణం ఎక్కువ కాబట్టి దురద, ఉబ్బు కనిపించగానే చూపించండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి: ఒక వైపు ఉన్నట్టుండి గట్టిపడి ఉబ్బడం, చనుమొన నల్లబడడం, 101 డిగ్రీలు దాటే జ్వరం, చీము. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పోటు, పిక్కలో వాపు నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ కావచ్చు.

చివరి పని: మళ్లీ ఊదించడం

మూడు నెలలలోపు స్పైరోమెట్రీ చేయిస్తే నొప్పి, వాపు వల్ల అంకెలు తక్కువ రావచ్చు. ఆరు నెలలకు చేయించండి. అదే ల్యాబ్, వీలైతే అదే మెషీన్, అలాంటి దుస్తులే. ఎత్తు మళ్లీ కొలిపించండి. ఈ వయసులో ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతుంటాయి కాబట్టి లీటర్లు పెరిగాయని సంబరపడటానికి లేదు. 15 ఏళ్ల పిల్ల 16కు వచ్చేసరికి ఆపరేషన్ లేకపోయినా కొంత పెరుగుతుంది. శాతాన్ని, జడ్-స్కోర్‌ను పోల్చాలి. ఆ పక్కనే మొదటి నోట్‌బుక్కు తెరిచి, అదే మేడ, అదే మెట్లకు ఇప్పుడు ఆయాసానికి ఎంత మార్కు వేస్తుందో అడగండి. అంకెలు కదలకపోయినా 7 ఉన్నది 2కు వస్తే పనికొచ్చినట్టే. అది కూడా కదలకపోతే రక్తం, ఆస్తమా, గుండె మళ్లీ చూపించాలి.

మూడు నెలలకోసారి ఛాతీ కొలత టేపుతో రాయండి. ఒంటి బరువు పెరగకుండా కొలత పెరుగుతూ పోతే సర్జన్‌కు చెప్పండి. గట్టి ఉండలేమైనా తగిలితే కొవ్వు గడ్డకట్టినవి కావచ్చు, అల్ట్రాసౌండ్‌తో తేలుతుంది. రెండు స్పైరోమెట్రీ రిపోర్టులు, కణజాల పరీక్ష, ఏ పద్ధతిలో చేశారో రాసిన డిశ్చార్జి కాగితం ఒకే ఫైల్లో పెట్టి పిల్ల చేతికే ఇవ్వండి. రేపు ఆమె గర్భవతి అయినప్పుడు పాల సంగతి ముందే మాట్లాడుకోవడానికి కాన్పు డాక్టర్ అడిగేది ఆ ఆఖరి కాగితమే.